కీబోర్డు మీద ఆమె చెయ్యి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చెల్లెలి పెళ్లి ఫోటోల సైజు తగ్గిస్తున్నాను. ఫోటోల ఫైళ్లన్నిటికీ గుర్తులు పెట్టి, అన్నిటినీ ఒక్కసారే చిన్నవి చేసే కమాండ్ ఒకటి రాశాను.

“ఏం చేస్తాండావప్పా?” అంది పక్క సీటు పెద్దామె.

“ఇది నొక్కితే ఫోటోలన్నీ ఒకేసారి చిన్నవైపోతాయమ్మా,” అన్నాను గొప్పగా.

ఆమె వెంటనే కీబోర్డు మీద అరచెయ్యి పెట్టేసింది. నాకు ఒళ్లు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషి నా పనికి అడ్డం పడటమేమిటి?

“చెయ్యి తియ్యండి.”

తియ్యలేదు. రెండో చేత్తో ఫోను తీసి, కూతురి పెళ్లి ఫోటో ఒకటి చూపించింది. పెద్దది చేసి చూస్తే మొహాలన్నీ గళ్లుగళ్లుగా చెదిరిపోయాయి.

“ఈడ మా నాయన ఉండె. ఆయనది ఇంకో ఫోటో లేదు. స్టూడియోవాడు చిన్నవి చేసేది అసలు ఫోటోల మీదనే చేసేసినాడంట, అసలువి మిగల్లేదు. ముందు ఒక్కటి చేసి చూసుకోనుంటే ఏం పోతాండె వానికి?”

నా కమాండ్ కూడా చిన్నవాటిని అసలు ఫోటోల మీదే రాసేసేది. నేను టచ్‌ప్యాడ్‌తో దాన్ని చెరిపేశాకే ఆమె చెయ్యి తీసింది.

ఆ స్టూడియోవాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే. అయితే వాడు నొక్కినప్పుడు, నా పక్కన ఉన్నట్టు, ఆమె వాడి పక్కన లేదు.