పలికే అద్దం

నౌపడలో టీవీలు బాగుచేసే జగన్నాధానికి ఒకటే ధ్యాస. ఉప్పుగాలికి స్పీకర్లు ఊరికే పాడవుతున్నాయి కదా, స్పీకరే లేకుండా తెర అద్దమే పలికితే? పదేళ్లు తంటాలుపడి అద్దం చేత పలికించాడు, పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. "ఈ ఉపాయం నీకెలాగ తట్టినాది?" అని భార్య దాలమ్మ ఎన్నిసార్లడిగినా, "కాయితం రానీ, సెప్తాను" అని నవ్వేవాడు. కాగితం రాకముందే గుండె ఆగి పోయాడు.

మొన్న పేటెంటు వచ్చింది. కూతురు కుమారి కాగితాలు తిరగేస్తుంటే దాలమ్మ పక్కనే కూర్చుంది.

"ఎలాగ తట్టినాదో రాసినాడేటే?"

"అది రాయలేదమ్మా. బొమ్మున్నాది, సూడు. అద్దానికి ఎనకాల సెక్కముక్క. దాన్లోంచే సప్పుడు అద్దానికి ఎక్కుతాదట."

ఆ ముక్క అచ్చం తెడ్డులా ఉంది. దాలమ్మ తండ్రి పడవ మీద వేటకెళ్లినప్పుడు తెడ్డు నీళ్లలో నిలిపి, పిడికి చెవి ఆనించి చేపల సందడి వినేవాడు. పెళ్లైన కొత్తలో ఆ పడవెక్కిన జగన్నాధం, "తెడ్డు కబుర్లు సెప్తాదేటి మావా?" అని వెక్కిరించి, తర్వాత తనూ చెవి పెట్టాడు. ఇక ఆ పూటంతా తెడ్డు వదల్లేదు.

"ఒసే, మా అయ్య తెడ్డు కాజేసినాడే మీ అయ్య!" అని దాలమ్మ నవ్వింది. ఆయన చేసిన టీవీ పెట్టమని కూతురికి చెప్పి, అద్దానికి చెవి ఆనించింది.