వెండి మీద వేలిముద్ర

డెబ్బైల్లో సర్కారు చెలామణీకి కాకుండా జ్ఞాపకార్థం వేసిన వెండి పదిరూపాయల నాణేలంటే మా నాణేల పిచ్చివాళ్ళలో కొందరికి చిన్నచూపు. చేతులు మారనిది నాణెమెలా అవుతుందనేవారు. నాకు మాత్రం ఆ మచ్చలేని మెరుపే ఇష్టం. నా దగ్గరున్న నాణేన్ని ఇంట్లో ఎవరినీ ఉత్తచేత్తో ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

ఒకసారి బెజవాడలో గుడివాడ ప్యాసింజరు ఎక్కాను. ఎదుటి సీట్లో ఉన్న పెద్దాయన కూడా నాణేలు సేకరిస్తారని మాటల్లో తెలిసింది. జేబులోంచి చిన్న డబ్బీ తీసి, అలాంటి నాణేన్నే చూపించారు. దాని మీద బొటనవేలి ముద్ర నల్లగా దిగిపోయి ఉంది.

"అయ్యో, పాడైందండీ. విబూదితో రుద్దితే పోతుంది," అన్నాను.

"పోతుందనే రుద్దలేదండీ," అన్నారాయన. "కొన్నరోజు చూస్తానని మా ఆవిడ చేతిలోకి తీసుకుంది. బాగా కోప్పడ్డాను. నిరుడు పోయిందండీ. అప్పుడప్పుడు దీని పక్కన నా వేలు పెట్టి చూసుకుంటా. ఎంత చిన్న వేలో ఆవిడది."

డబ్బీ మూసి, ఉప్పలూరు దాటేదాకా గుప్పిట్లోనే ఉంచుకున్నారు.

ఇంటికి వెళ్ళాక నా నాణెం తీసి మా అమ్మకిచ్చాను. అలవాటుగా పైటకొంగు చేతికి చుట్టుకోబోయింది.

"ఉత్తచేత్తోనే పట్టుకోమ్మా," అన్నాను.