బల్ల దిగి కన్న కాన్పు

ఫసలీ 1354లో, అంటే ఇంగ్లీషు లెక్కన 1945 ఎండాకాలంలో, నన్ను ఇబ్రహీంపట్నం సర్కారీ దవాఖానకు మిడ్‌వైఫ్‌గా వేశారు. నా పైన కాంపౌండరు, ఆయన పైన డాక్టరు. ఇద్దరూ మగవాళ్లు కనుక కాన్పుల గదిలోకి వచ్చేవారు కారు. కాన్పు కష్టమైతే, హైదరాబాదు నుంచి వారానికోసారి వచ్చే లేడీ డాక్టరే దిక్కు. ఊళ్లో ఆడవాళ్లు ఇళ్లల్లోనే, నేల మీద గొంతుకూర్చుని కనేవారు; మంత్రసాని వల్ల కాని కేసులే నా దాకా వచ్చేవి.

మరుసటి ఏడు నేనే కడుపుతో ఉన్నాను. బిడ్డ తల ఎటు తిరిగి దిగుతుందో, మాయ ఎప్పుడు పడుతుందో నాకు బాగా తెలుసు. కాన్పు నొప్పి లోపలినుంచి ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. తర్ఫీదులో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డ బొడ్డు చూడడం నా డ్యూటీలో భాగం. వెళ్లినచోటల్లా అడగడం మొదలుపెట్టాను. ఒకామె నడుం విరిగినట్టుంటుందన్నది. యాచారం నుంచి పుట్టింటికి వచ్చినామె సిగ్గుపడి, దొడ్డికి వచ్చినట్టే అనిపించిందని చెప్పింది. చెరువులో చేపలు పట్టే ఇంటి కోడలు బాలమ్మ నలుగురు పిల్లల తల్లి. ఆమె ఇలా చెప్పింది.

"నొప్పొచ్చినప్పుడు పానం పోతదనిపిస్తది నర్సమ్మా. పోయినంక ఏం లేనట్టే ఉంటది. గా నడుమల నేనైతే కునుకు దీసిన."

ప్రసవవేదనలో నిద్రా? నేను నమ్మలేదు. లేడీ డాక్టరుకు చెబితే ఆవిడా ఆశ్చర్యపోయింది. ఆవిడకు పిల్లల్లేరు. నీకెలా ఉంటుందో గమనించి చెప్పమంది.

నాకు నొప్పులు మొదలైంది సరిగ్గా ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే. ముందే అనుకున్నట్టు బాలమ్మ తోడుగా వచ్చింది. నియమం ప్రకారం దవాఖానలో కాన్పు బల్ల మీద వెల్లకిలా పడుకున్నాను. మధ్యాహ్నానికి గర్భాశయ ద్వారం పూర్తిగా తెరుచుకుంది కానీ, ఎంత ముక్కినా తల దిగలేదు. డాక్టరమ్మ ఫోర్సెప్స్ మరిగించమంది. బిడ్డ తలను పట్టి లాగే పటకారు అది. దానితో ప్రాణాలు నిలవడం చూశాను, లేత చెంపల మీద దాని గాట్లూ చూశాను. భయమేసింది. బిడ్డ గుండె ఎలా ఉందని అడిగాను. బాగుందన్నది.

"అట్లయితే జర నన్ను కిందికి దిగనియ్యిండ్రి" అన్నాను.

బల్ల మీంచి దించి కాన్పు చేయడం ఆవిడెన్నడూ ఎరగదు. చివరికి, "బిడ్డ గుండె చప్పుడు తగ్గితే మాత్రం మారుమాట లేకుండ బల్లెక్కాలె" అంది.

చాప మీద గొంతుకూర్చున్నాను. బాలమ్మ వెనకనుంచి చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. డాక్టరమ్మ నేల మీదే కూర్చుని, నొప్పి వచ్చిపోయిన ప్రతిసారీ కొయ్యగొట్టం నా పొట్టకు ఆనించి బిడ్డ గుండె వినేది. ఒకసారి నా కళ్లు మూతపడితే స్పృహ తప్పిందనుకుని నాడి పట్టింది.

"నిద్రవట్టింది, లేపకుండ్రి" అంది బాలమ్మ.

అది నాకు వినిపించింది, దూరంగా. తర్వాతి నొప్పికి ఒళ్లు తనంతట తానే ముక్కింది. నేను ఆపుదామన్నా ఆగేది కాదు. పొద్దు వాలేలోపు ఆడపిల్ల పుట్టింది. కాస్త ఆలస్యంగా ఏడ్చింది. మాయ పడగానే డాక్టరమ్మ మొదట అడిగిన మాట, నిజంగానే నిద్రపోయావా అని.

సెలవు అయిపోయి డ్యూటీలో చేరాక, ఒక తొలిచూలు మనిషి వచ్చింది. ఎంతో ఉత్సాహంగా చాప పరిచి కిందికి దిగమన్నాను. ఆమె కదలలేదు.

"నాకిట్ల పక్కకు ఒరిగి పండుకుంటెనే మంచిగుంది నర్సమ్మా. జర ఉండనియ్యి."

ఉండనిచ్చాను. ఆమె అలాగే సుఖంగా కన్నది.

రిటైరయ్యేదాకా నా పద్ధతి అదే అయింది. నెలలు నిండిన ప్రతి మనిషికీ రాబోయేదేమిటో ముందే చెప్పేదాన్ని. బిడ్డ గుండె వినడం, తల్లికి నెత్తురు ఎంత పోతోందో కనిపెట్టుకుని ఉండడం అందరికీ ఒకటే. అందులో రాజీ లేదు. ఎలా కూర్చోవాలో, ఎలా పడుకోవాలో మాత్రం కనే మనిషినే అడిగేదాన్ని. నా కాన్పు నాకు నేర్పింది నా ఒక్కదాని సంగతే.