మూడోసారి అరిచింది నేనే

ఎనిమిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఈమధ్య మొదటిసారి దాన్ని ఒక మనిషి ముందు దించాను. మొదట చెప్పవలసింది ఆయనకే. కాని ఆయనకు చెబితే సరిపోదని తరవాత అర్థమైంది. ఆయన మీద పడ్డ నింద ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా నాటకాలు చూసే ప్రతివాడి నోటా ఉంది. "చప్పట్లకు ఆశపడి ఊపిరి పోగొట్టుకున్నాడు" అంటారు అచ్యుతం గారి గురించి. అది అబద్ధం. ఆ అబద్ధం పుట్టడానికి కారణం నేను. అందుకే ఇది రాసిపెట్టాలి. నా పేరు మాత్రం రాయను. పిరికితనమే అనుకోండి. మా నాటక సమాజం వాళ్ళెవరైనా చదివితే నేనెవరో వాళ్ళకు తెలిసిపోతుంది. తెలియనివ్వండి.

నేను ఏలూరులో తివాచీలు నేసే ఇంట్లో పుట్టాను. బడికి వెళ్ళింది రెండేళ్ళు. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. పగలు మగ్గం దగ్గర కూర్చుని, సాయంత్రం ఒంటికి అంటిన ఉన్ని నూగు కడుక్కుని అక్కడికి వెళ్ళేవాణ్ణి. గ్రంథాలయం చూసే విశ్వనాథం గారు మొదట నా చేతులు చూసేవారు, తరవాత పుస్తకం ఇచ్చేవారు. అయిదేళ్ళలో ఆ బీరువాల్లో నేను తెరవని పుస్తకాలు బహుకొద్ది. పురాణం, ఛందస్సు, వైద్యం, ఏదైనా సరే. ఇంత చదివానన్న గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది, దాచను.

ఆ చదువే నన్ను నాటక సమాజంలోకి తీసుకువెళ్ళింది. పక్కతెర చాటున పుస్తకం పట్టుకుని నిలబడి, ఎవరైనా మాట మరిచిపోతే అందించడం నా పని. రాజు వేషం అచ్యుతం గారిది. ఆయనది కొల్లేటి ఒడ్డున, ముదినేపల్లి వైపు చిన్న ఊరు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయనకు అక్షరం రాదు. నేను పద్యం చదివితే విని పట్టేవారు. రెండుసార్లు వింటే చాలు. ఆ తరవాత ఆయన నోట అది మరో పద్యంలా ఉండేది. నేను చదివినప్పుడు దానిలో ఆ దుఃఖం ఎక్కడ ఉండేదో నాకు తెలిసేది కాదు.

ఉబ్బసం ఆయనకు చిన్ననాటి నుంచీ ఉంది. కొల్లేటి మంచు పడదు. ముఖానికి పూసే అర్దళం పడదు. పెట్రోమాక్సు దీపాల పొగ అసలే పడదు. వేషం వేసుకునే ముందు మోకాళ్ళ మీద చేతులు ఆనించి, పిల్లికూతలు కూసే ఊపిరితో కాసేపు వంగి ఉండేవారు. భార్య సూరమ్మ గారు సీసాలో పోసి పంపిన అల్లం రసం తాగేవారు. లేచి కిరీటం పెట్టుకునేవారు. తెర లేచాక ఆ మనిషికి జబ్బున్నదని ఎవరూ పోల్చలేకపోయేవారు.

దానికి ఒక ఉపాయం ఉండేది. ఆ ఉపాయం నాదే. వైద్యం పుస్తకంలో ఊపిరితిత్తుల గురించి చదివి, పద్యంలో ఎక్కడెక్కడ గాలి పీల్చుకుంటే అర్థం చెడదో చూసి, ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టాను. ఆయన చేత వాటిని వల్లె వేయించాను. గీత వచ్చిన చోట హార్మోనియం వాయించే కామయ్య గారు స్వరాన్ని కొంచెం సాగదీసేవారు. జనం తల ఊపేవారు. ఆ సందులో అచ్యుతం గారు ఊపిరి తీసుకునేవారు.

నాలుగో అంకంలో పెద్ద పద్యం ఒకటి ఉంది. రాజ్యం పోయిన రాజు తన ఊరివైపు తిరిగి పాడేది. అది అయ్యాక జనం వన్స్‌మోర్ అంటారు. అంటే మళ్ళీ పాడాలి. పాడకపోతే జనాన్ని చిన్నబుచ్చినట్టు. ఆయనకు ఒక వన్స్‌మోర్‌కు ఊపిరి ఉంది. రెండోదానికి కష్టం మీద ఉంది. మూడోదానికి లేదు. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకు, కామయ్య గారికి, నాకు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక రోజు తాడేపల్లిగూడెంలో నాటకం. తెర లేవక ముందు అక్కడి బియ్యం మిల్లు ఆసామి ఒకాయన లోపలికి వచ్చి అచ్యుతం గారికి దండ వేశారు. "ఎంత చదివితే వస్తుందండీ ఈ ఉచ్చారణ!" అన్నారు. అచ్యుతం గారు నవ్వి నన్ను చూపించారు. "చదువంతా మా పంతులు గారిదండీ. నాకేముందీ, అరవడమొక్కటే" అన్నారు. అందరూ నవ్వారు. ఆసామి నావైపు చూడనైనా చూడకుండా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు.

ఇంతే. ఆయన నన్ను మెచ్చుకున్నారు. నేను దాన్ని వెక్కిరింత అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అలా అనుకోవడం నాకు కావలసి వచ్చిందా? ఆ నాటకంలో ప్రతి పాత్ర మాటా నాకు కంఠతా వచ్చు. గణాలూ యతులూ ఆయనకు పేరుకైనా తెలియవు. అయినా చప్పట్లు ఆయనకు, తెరచాటు నాకు. రాజు వేషం ఒక్కసారి నాకు దొరికితే జనానికి తేడా తెలుస్తుందని చాలా కాలంగా లోపల అనుకుంటూ ఉన్నాను. ఆ కోరిక ఆ రోజు పుట్టింది కాదు.

పెద్ద పద్యానికి ఆయనకు నా అవసరం ఉండదు. ఆయన ఎత్తుకోగానే నేను వెనక నుంచి బయటికి వచ్చి, నాటకాల పాక చుట్టూ తిరిగి, నేల టిక్కెట్టు వాళ్ళ వెనక నిలబడ్డాను. పద్యం అయింది. వన్స్‌మోర్ అని జనం అరిచారు. ఆ మొదటిది జనానిదే. ఆయన నవ్వుతూ పాడారు. చప్పట్లు సద్దుమణుగుతున్నాయి. అప్పుడు నేను అరిచాను. ఒక్క గొంతు చాలు, మిగతావాళ్ళు అందుకుంటారు. అందుకున్నారు. మళ్ళీ పాడారు. గీతలు లేని చోట కూడా గాలి పీల్చుకుంటున్నారు. కామయ్య గారు స్వరం ఎంత సాగదీసినా చాలడం లేదు. అది నాకు అంత దూరం నుంచీ తెలుస్తూనే ఉంది. ఆపవచ్చు. ఆ ఒక్క క్షణం నా చేతిలో ఉంది. మూడోసారి అరిచాను.

రెండో పాదంలో ఊపిరి తెగింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డారు. అది నటన అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

చివరి అంకానికి కిరీటం నేను పెట్టుకున్నాను. ఒక్క అక్షరం తప్పలేదు. ఒక్క చప్పట్టూ పడలేదు. మంగళం పాడకముందే జనం లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు మా సమాజం మేనేజరు గారు, "చెయ్యెత్తి వద్దంటే పోయేదానికి! ఆశండీ, ఆశ. ఏమంటారు?" అని నన్ను అడిగారు. నేను తలూపాను. ఆ మాట అక్కడి నుంచే ఊళ్ళు తిరిగింది. అరిచినదాని కంటే ఆ తలూపడమే పెద్ద తప్పేమో. అరిచినప్పుడు అసూయ అనుకోవచ్చు. తలూపినప్పుడు తెల్లగా తెల్లవారి ఉంది, కడుపులో కాఫీ ఉంది, తల చల్లగా ఉంది.

అచ్యుతం గారు రెండు నెలలు మంచం మీద ఉన్నారు. ఏలూరులో కాంపౌండరుగా ఉన్న దేవదానం గారు వారం వారం కొల్లేటి దాకా వెళ్ళి మందు ఇచ్చి వచ్చేవారు. సమాజం ఆయన్ని మళ్ళీ పిలవలేదు. రాజు వేషం నాకు మూడు నాటకాలు ఉండి, వేరేవాళ్ళకు పోయింది.

ఆయన మాత్రం వదల్లేదు. లేచి నిలబడగలిగిన రోజు నుంచీ పొద్దున్నే కొల్లేటి గట్టు మీద నడిచేవారు. మొదట ఇరవై అడుగులకు ఒక పాదం. తరవాత నలభై అడుగులకు ఒక పాదం. పల్లెటూరి సమాజాల్లో మంత్రి వేషాలు, ముని వేషాలు వేశారు. దుప్పటి కప్పుకుని పడవలో పోయి, వేషం వేసి, దుప్పటి కప్పుకుని వచ్చేవారు. రాగం సాగదీయలేనప్పుడు పద్యాన్ని మాటలాగా చెప్పడం నేర్చుకున్నారు. ఎగశ్వాసను ఏడుపులో కలుపుకున్నారు. టాకీలు వచ్చి ఎన్నో సమాజాలు మూతపడ్డా, ఆయన్ని పిలిచేవాళ్ళు మిగిలారు. నేను ఆదివారం ఆదివారం వెళ్ళి పద్యాలు చదివి వినిపించేవాణ్ణి. ఊళ్ళో నన్ను మంచివాడన్నారు. నేను కాదనలేదు.

ఈ ఏడు గూడెం వాళ్ళు పట్టుబట్టి, మా సమాజంలోనే ఆయన చేత రాజు వేషం వేయించాలన్నారు. ఆ వారం గట్టు మీద నడుస్తూ ఆయన అన్నారు:

"పంతులు గారూ, పెద్ద పద్యానికి గీతలు కొత్తగా పెట్టండి. ఈసారి నాలుగు మాట్లు పాడాలండీ."

"నాలుగు మాట్లెందుకండీ?"

"గూడెమండీ బాబూ! మూడు వన్స్‌మోర్లు కొట్టిన ఊరు. మీరు చాటునున్నారు, మీకు వినపడిందో లేదో. నేల టిక్కెట్టు వెనకాల నుంచి ఒకాయన అరిచాడండీ, మూడోమాటు. ఎంత ప్రేమండీ ఆ గొంతులో! మంచంలో ఉన్నన్నాళ్ళూ అదే తలుచుకున్నాను. ఆయన కోసమైనా లేవాలనుకున్నాను."

చెప్పకపోతే ఆయన నాలుగుసార్లు పాడతారు. చెబితే ఆయన్ని లేపి నిలబెట్టిన ఆ గొంతు పోతుంది.

"అది నేనేనండీ" అన్నాను.

"ఏదండీ?"

"ఆ అరిచింది. రెండోసారీ, మూడోసారీ."

ఆయన పకపకా నవ్వారు. "ఊరుకోండి! మీకంత గొంతెక్కడిదండీ?"

నేను నవ్వలేదు. ఆయన నా ముఖం చూశారు.

"ఊపిరి చాలదని మీకు తెలుసు గదండీ."

"తెలుసండీ."

"మరి మొదటిదండీ?"

"మొదటిది జనానిదేనండీ."

ఆయన నీళ్ళవైపు తిరిగారు. "పోనీలెండి, ఒకటి నిజమే అన్నమాట" అన్నారు. కొంత దూరం నడిచాక, వెనక్కి తిరక్కుండానే, "గీతలు మీరు పెట్టకండి. కామయ్య గారి చేత పెట్టించుకుంటాను" అన్నారు.

గూడెంలో నేను నేల టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నాను. పుస్తకం వేరే మనిషి పట్టుకున్నాడు. పద్యం అవగానే నాలుగు మూలల నుంచీ వన్స్‌మోర్ అని లేచింది. అచ్యుతం గారు ముందుకు వచ్చి చేతులు జోడించారు. "నాకు ఉబ్బసమండీ. మళ్ళీ పాడితే ఆఖరి అంకం ఉండదు. ఏది కావాలో మీరే సెలవివ్వండి" అన్నారు. అన్నేళ్ళలో జనం ముందు ఆ జబ్బు పేరెత్తడం అదే మొదలు. ఎవరో, "ఆఖరి అంకమే కానివ్వండి బాబూ!" అన్నారు. ఆయన చివరిదాకా ఆడారు. చప్పట్లు కొట్టే హక్కు నాకు లేదనిపించి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

తరవాతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. సూరమ్మ గారు మజ్జిగ ఇచ్చారు. ఆయన లోపలే ఉన్నారు, బయటికి రాలేదు. ఆమెకు చెప్పారో లేదో తెలియదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆయనకు ఇంకో పని పెట్టినట్టవుతుందనిపించింది. ఇది రాస్తున్నంతసేపూ చాలాసార్లు చెయ్యి ఆగింది. ఇప్పుడు ఆగడం లేదు. దాన్ని సుఖమనను. తేలిక అంటాను.

చేతులు కడిగించి పుస్తకాలిచ్చిన విశ్వనాథం గారికి, ఇది రాసుకోవడానికి కాగితాలూ గ్రంథాలయంలో ఒక మూలా ఇచ్చినందుకు కూడా, కృతజ్ఞుణ్ణి. జరిగినదంతా విని, "రాయండి, ఎవరడిగినా నేను కాదనను" అన్న కామయ్య గారికి. గాలివానలో కూడా మందుపెట్టె పట్టుకుని కొల్లేరు వెళ్ళిన దేవదానం గారికి. మజ్జిగ ఇచ్చిన సూరమ్మ గారికి. చివరగా అచ్యుతం గారికి. ఆయన ఆశపడలేదు, ఆ రోజూ పడలేదు, ఏ రోజూ పడలేదు. జనం అడిగారనుకుని పాడారు. అడిగింది నేను.