రాక్షసుడికి దవడ పళ్ళు

బోయిగూడలో దేవానందం అంటే కట్టుడు పళ్ళ దేవానందమే. ఒక డెంటిస్టు క్లినిక్ వెనక గదిలో ఇరవై ఆరేళ్లుగా కూర్చుని, డాక్టరు పంపిన నోటి అచ్చులు చూసుకుంటూ పళ్ళ సెట్లు తయారు చేస్తున్నాడు. మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టడం అతనికి రాదు. రోడ్డు మీద ఎవరైనా నమస్తే పెడితే తెల్లమొహం వేస్తాడు. వాళ్ళు నవ్వితే మాత్రం, కింద కుడి పక్క మూడో పన్ను చూసి, ఇంటి పేరుతో సహా పలకరిస్తాడు.

అలాంటివాడు రాక్షసుల బొమ్మలు చేయడంలో పడ్డాడంటే దానికీ కారణం పళ్ళే. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో ఒక విదేశీ పత్రిక చూశాడు. దాన్నిండా బొటనవేలంత బొమ్మలు. మంత్రగాళ్ళు, గదలు పట్టుకున్న మరుగుజ్జులు, రెక్కల పాములు, నోరు తెరిచిన రాక్షసులు. అక్కడ తీరిక ఉన్నవాళ్ళు వాటిని చేత్తో చేసి రంగులు వేసుకుంటారట. ఇంకొకరైతే ముచ్చటపడేవారు. దేవానందానికి ఒళ్ళు మండింది. ఒక్క రాక్షసుడికీ దవడ పళ్ళు లేవు. ముందు రెండు కోరలు, వెనకంతా బోసి.

"వీడు మనుషుల్ని తింటడంట. నమిలేదెట్ల?" అని పుస్తకాలమ్మే అతన్ని నిలదీశాడు. అతను పత్రిక ఊరికే ఇచ్చి పంపేశాడు.

ఆ వారమే పని షురూ అయింది. బైండింగు తీగతో ఎముకలు కట్టేవాడు. పైపు లీకైతే పూసే ఎం-సీల్ పిసికి కండలు పెట్టేవాడు. క్లినిక్‌లో అరిగిపోయిన పనిముట్లతో ముక్కూ మూతీ చెక్కేవాడు. ఎం-సీల్ గట్టిపడేలోపు మొహం తేల్చాలి కాబట్టి, చేతిలో బొమ్మ ఉన్నంతసేపు ఇల్లు అంటుకుందన్నా లేచేవాడు కాదు. ఇక పళ్ళంటారా, వాటిని ఊహించి చేయడం అతని వల్ల కాదు. అలమరలో ఉన్న పాత అచ్చుల్లోంచి ఎవరో ఒకరి నోరు దించి, సూదిమొనతో అదే వరస బొమ్మకు పెట్టేవాడు. ఆవగింజలో సగం లేని పన్ను ఎవరిదో ఎవడు కనిపెడతాడు? పదకొండేళ్లలో నూట నలభై బొమ్మలయ్యాయి. అందులో ఒక మంత్రగత్తెకు కూరగాయల సోమయ్య పళ్ళున్నాయి. సోమయ్యకు ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

వాటి కాపురం బీరువా మీద, బిస్కెట్ల అట్టపెట్టెల్లో. ముందు గదిలో అద్దాల షోకేసు ఒకటుంది. అందులో అతని భార్య డోరా టీచరుగా తెచ్చుకున్న షీల్డులు, ఎవరూ టీ తాగని కప్పులు, కడిగితే మళ్ళీ కొత్తవయ్యే ప్లాస్టిక్ గులాబీలు ఉంటాయి. దేవానందం ఈ లోకంలో కోరుకున్నది ఒక్కటే, ఆ షోకేసులో మధ్య అర. అడిగినప్పుడల్లా డోరాది ఒకటే మాట.

"దయ్యాలను తెచ్చి ముందర రూంల పెడితే, ప్రార్థనకు వచ్చినోళ్ళు ఏమనుకుంటరు?"

బొమ్మల వంక కన్నెత్తి చూసేది కాదు. అది అతనికి నిజంగా బాధ. తిట్టినా ఫరవాలేదు, కనీసం చూసి తిడితే బాగుండేదనుకునేవాడు.

ఇక్కడ దేవానందం గురించి ఒక సంగతి చెప్పాలి. ఎవరి నోట్లో ఏ పన్ను కట్టుడో చచ్చినా బయటపెట్టడు. అలాగని అబద్ధమూ ఆడలేడు. నిలదీస్తే మెడ ఎత్తి ఫ్యాను వంక చూస్తూ చెవి గోక్కుంటాడు, అంతే. డోరాకున్న ముందు పన్ను ఒకటి కూడా అతను చేసిందే. పెళ్ళికి ముందు బస్సు దిగుతూ పడి ఆమె క్లినిక్‌కు వచ్చింది, వాళ్ళ పరిచయమే అలా. సంబంధం మాట్లాడే రోజున అతని తల్లి రోసమ్మ అందరి ముందూ, "పిల్లకు పళ్ళన్నీ సొంతవేనారా?" అని అడిగింది. తలుపు పక్కన నిలబడ్డ డోరా పెదవులు బిగించి పన్ను దాచుకుంది. దేవానందం ఫ్యాను వంక చూస్తూ చెవి గోక్కున్నాడు. అడిగీ అడిగీ రోసమ్మే విసుగొచ్చి టీ పెట్టడానికి లేచిపోయింది.

బొమ్మలు మొదలెట్టిన పదకొండో ఏట వచ్చింది అసలు తంటా. వాళ్ళ చర్చిలో ఎవరికీ కోసుకోవడానికి గుంటెడు పొలం లేదు. అయినా ఏటా నవంబరులో కోతల పండుగ జరుగుతుంది. తలా ఒక కానుక తెచ్చి బల్ల మీద పెడతారు, ఆరాధన అయ్యాక షామియానా కింద వాటిని వేలం పాడతారు. దేవానందం ప్రతి ఏడూ మోండా మార్కెట్‌లో ఒక గుమ్మడికాయ కొని ఇచ్చి చేతులు దులుపుకునేవాడు. ఆ ఏడు స్త్రీల సమాజం పెద్ద ప్రేమమణి, "కొన్నది వద్దు, ఎవరి చేతి పని వాళ్ళే తేవాలె" అని కచ్చితంగా చెప్పింది. దేవానందం చేతి పని అంటే కట్టుడు పళ్ళు. దేవుడి బల్ల మీద పళ్ళ సెట్టు పెట్టలేరు కదా.

డోరా చాలాసేపు ఆలోచించి నిట్టూర్చింది. "సరే, మీ బొమ్మే ఒకటి పెట్టుండ్రి. జెర మంచిది చేయుండ్రి."

"అందరూ మెచ్చుకుంటే మధ్య అర ఇస్తవా?"

"మెచ్చుకుంటే చూద్దాం."

అంతే, దేవానందం మూడు వారాలు మనిషి కాలేదు. చివరి వరసలో ఉన్నవాళ్ళకు కూడా కనబడాలని ఈసారి బొటనవేలంత కాదు, జానెడు రాక్షసుణ్ణి చేశాడు. నోరు బార్లా తెరిపించాడు. దవడ పళ్ళతో సహా పూర్తి సెట్టు పెట్టాడు. ఆ పెట్టింది లూకా సారు పళ్ళు.

లూకా సారు డోరా స్కూల్లో హెడ్మాస్టరు, చర్చి సెక్రటరీ. ఆయన పై వరసంతా కట్టుడేనని దేవానందానికి, డాక్టరుకి తప్ప నరమానవుడికి తెలియదు. తెలియకుండా ఉండాలనే దేవానందం ఆ సెట్టులో ముందు సందు వదిలాడు, ఎడమ కోరను పక్క పన్ను మీదికి ఎక్కించాడు, కాస్త టీ మరక రంగు కూడా వేశాడు. అతని జీవితంలో అంత గొప్ప పని ఇంకొకటి లేదు. గొప్పగా ఉన్నందుకే అది ఎవరికీ చెప్పుకునేది కాదు. తొమ్మిదేళ్లు కడుపులో దాచుకున్న ఆ గర్వం చెయ్యి జారి రాక్షసుడి నోట్లో పడింది. జానెడు బొమ్మకు పళ్ళు స్పష్టంగా కనబడతాయన్న ఆలోచన అతనికి ఒక్కసారి కూడా రాలేదు.

పండుగ రోజు రాక్షసుడు కేకులకూ ఊరగాయ జాడీలకూ మధ్య నిలబడ్డాడు. అందరూ మూగి చూశారు. "అబ్బ, ఏం చేసిండు" అన్నారు. దేవానందం డోరా వైపు చూశాడు. ఆమె ఇబ్బందిగానే అయినా కొంచెం నవ్వింది. మధ్య అర వచ్చేసినట్టే అనిపించింది.

అప్పుడు వేలం పాడించడానికి లూకా సారు లేచి, బల్ల పక్కన నిలబడి, సభకు చక్కగా నవ్వారు.

ప్రేమమణి ఆయన్ని చూసింది, రాక్షసుణ్ణి చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అది చూసి పక్కావిడ చూసింది. నిమిషంలో షామియానా అంతా తలలు అటూ ఇటూ తిప్పుతూ కిసకిసలాడింది. లూకా సారు కూడా వంగి చూశారు. చూసి చటుక్కున నోరు మూసుకున్నారు.

"దేవానందం, ఏందిది? ఎవరి పళ్ళివి?" అన్నారు, పెదవులు సగమే తెరిచి.

 అచ్చు చూసి చేశానంటే ఆయన గుట్టు రట్టవుతుంది. చెప్పకపోతే ఎగతాళి చేసినట్టవుతుంది, సోమవారం స్కూల్లో డోరా ఆయన ముందే హాజరు సంతకం పెట్టాలి. మధ్య అర మాట దేవుడెరుగు, ఇంట్లోనే చోటుండేలా లేదు. దేవానందం మెడ ఎత్తాడు. షామియానాలో ఫ్యాను లేదు. ఫ్యాను ఉండాల్సిన చోట గుడ్డ వంక చూస్తూ చెవి గోక్కున్నాడు.

డోరా కోపంతో లేచిందల్లా ఆ చెయ్యి చూసి ఆగిపోయింది. ఆ చూపు, ఆ గోకుడు ఆమెకు తెలుసు. తలుపు పక్కన నిలబడి పన్ను దాచుకున్న రోజు గుర్తొచ్చింది. లూకా సారు నోటి సంగతి ఆమెకు అప్పుడే అర్థమైపోయింది.

"నావే సార్," అంది గట్టిగా.

అందరూ ఇటు తిరిగారు.

"ఆ పళ్ళు నావే. కోపమొస్తే ఇంట్ల నేను గిట్లనే ఉంటనంట. నన్ను చూసి చేసిండు." అనడమే కాదు, రెండు చేతులూ పైకెత్తి, నోరు బార్లా తెరిచి, రాక్షసుడిలా నిలబడి చూపించింది. ఇరవై రెండేళ్ల సర్వీసున్న టీచరు, పట్టుచీర కట్టుకుని.

షామియానా గొల్లుమంది. "గందుకేనా దేవానందం గింత బక్కగున్నడు," అంది ప్రేమమణి. పళ్ళ పోలిక ఆ నవ్వులో కొట్టుకుపోయింది. లూకా సారు బొమ్మను చేతిలోకి తీసుకుని, తనే వేలం పాట పాడి, ఒకటోసారి రెండోసారి మూడోసారి ఒక్క ఊపిరిలో అనేసి, చేతిరుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టేసుకున్నారు. ఇంకొకరు పాడే సందే ఇవ్వలేదు. గేటు దగ్గర దేవానందం చెవిలో, "ఎడమ పక్క జెర కదులుతుంది, రేపొస్తా," అన్నారు.

ఇంటికొచ్చాక డోరా చీరైనా మార్చుకోలేదు. షోకేసు తెరిచి, మధ్య అరలోని కప్పులన్నీ తీసి వంటగదిలో పెట్టింది. బీరువా మీది అట్టపెట్టె దింపించింది. కళ్ళజోడు పెట్టుకుని ఒక మరుగుజ్జును వేళ్ళతో పట్టుకుని, వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది. పదకొండేళ్లలో ఆమె అలా చూడటం అదే మొదటిసారి. 

"వీని పళ్ళు ఎవరివి?" అంది.

దేవానందం ఫ్యాను వంక చూశాడు.

"చెప్పరులే," అంది డోరా, ఆ బొమ్మను అరలో అన్నిటికంటే ముందు పెడుతూ.