ఆముదం తాగే బండి కోసం కొల్లాపూర్ దారిలో

మాది నకిరేకల్ పక్కన చిన్న పల్లె. గానుగ ఆడించి ఆముదం తీయడం మా పని. మా చుట్టుపక్కల అందరూ ఆముదాలు వేయించి, దంచి, నీళ్ళలో వండి నూనె తీస్తారు. మేము వండం. గింజలు ఎండబెట్టి గానుగలో వేసి, గుడ్డలో వడగడతాం. ఏటా క్రిస్మస్‌కు మా పక్క ఊళ్ళో అత్తగారింటికి వచ్చే దావీదు అనే మనిషి, వండని ఆముదమే కావాలని డబ్బా నింపించుకొని పోయేవాడు. అతని భార్య మరియమ్మ చిన్నప్పటి నుంచి నన్ను అన్నా అంటుంది కాబట్టి, నేను అతనికి బావనయ్యాను. ఇంత నూనె ఎందుకని అడిగితే, "బండి తాగుతది బావా" అనేవాడు. బండి ఇరుసుకు ఆముదం పూయడం తెలుసు గాని, తాగడమేమిటో నాకు తెలియలేదు. మళ్ళీ అడగడానికి మొహమాటం. అలా ఏళ్ళు గడిచాయి. తర్వాత రెండు క్రిస్మస్‌లకు అతను రాలేదు. యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం, గానుగకు పని లేని రోజుల్లో, డబ్బా నింపుకొని నేనే బయలుదేరాను. ఆ బండిని ఒకసారి చూడాలనిపించింది. అంతే.

నకిరేకల్‌లో పొద్దున బస్సెక్కితే నల్లగొండ, అక్కడి నుంచి ఇంకో బస్సులో దేవరకొండ. రెండింటికీ కలిపి రూపాయి లోపే కిరాయి. రాత్రి సత్రంలో పడుకుని, తెల్లవారి కల్వకుర్తి పోయే పల్లీల లారీలో బస్తాల మీద కూర్చున్నాను. డిండి వాగు దాటాక నేల రంగు మారుతుంది. మాది ఎర్ర నేల, అక్కడ మధ్యమధ్య నల్లది కూడా కనబడింది. చేలల్లో మాత్రం మా దగ్గరిలాగే ఆముదం మోళ్ళు. మధ్యాహ్నానికి కల్వకుర్తిలో కొల్లాపూర్ బస్సు దొరికింది. యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గు పొగతో నడిపిన బస్సు అది. వెనక కొలిమి లాంటి డబ్బా, అందులో నిప్పులు. నాగర్‌కర్నూలు దాటాక ఎత్తు వచ్చినచోటల్లా దిగి నెట్టాము. డ్రైవరు సాయిబు నా డబ్బా చూసి నవ్వాడు.

"తాతా, ఏముంది దాంట్ల?"

"ఆముదం."

"ఎవలకు?"

"బండికి."

"నా బస్సు బొగ్గు తింటాంది, గా బండికి ఆముదం తాపుతరా? పాపం, దానికి కడుపుల నొప్పేమో."

బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు చూశాను. కొల్లాపూర్ ఇంకా రెండు కోసులుందనగా రోడ్డు పక్కన పెంకుటి బంగళా కనబడితే, సాయిబే ఆపి దించాడు.

బంగళా ఖాళీగా ఉంది. కొల్లాపూర్ సంస్థానానికి రోడ్లు వేయించిన ఇంగ్లీషు ఇంజనీరు దొర ఉండేవాడట అందులో. దావీదు ఆయన దగ్గర మోటార్లు చూసుకునేవాడు, మరియమ్మ వంట చేసేది. యుద్ధం మొదలవగానే దొర వాళ్ళ దేశం వెళ్ళాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. బంగళా వెనక ఒక్క గది గుడిసెలో వీళ్ళిద్దరే ఉన్నారు. మరియమ్మ నన్ను చూసి సంతోషించింది గాని, డబ్బాను చూసి మూతి ముడిచింది.

"మల్లా ఆముదం తెచ్చినవా అన్నా? ఉన్న ఆముదంతోనే మా కొంప ఆగమైంది."

దావీదు కాళ్ళకు నీళ్ళిచ్చి, పశువుల కొట్టం లాంటి షెడ్డులోకి తీసుకుపోయి, మీదున్న గోనెపట్టా తీశాడు. మోటారు సైకిలే. కానీ నేను నల్లగొండలో చూసిన వాటిలా లేదు. దీపం లేదు, చక్రాల మీద మట్టి ఆపే రేకులు లేవు, గేర్లు లేవు. సన్నటి చక్రాలు, మధ్యలో ఒకే ఒక్క పెద్ద ఇంజను గొట్టం.

"బ్రేకేది?" అన్నాను.

"లేదు బావా. దీనికి బ్రేకు పుట్టనే లేదు."

అక్కడే గడప మీద కూర్చుని చెప్పాడు. ఇన్నేళ్ళు నేను అడగలేనిది, ఇప్పుడు అడగకుండానే అతనే చెప్పసాగాడు. ఇంగ్లండులో ఈ ఆటను స్పీడ్‌వే అంటారట. మొదట సముద్రాల అవతల ఆస్ట్రేలియాలో జాతర మైదానాల మట్టిలో మొదలై, అక్కడి నుంచి ఇంగ్లండుకు వచ్చిందట. అడవి పక్క ఖాళీ జాగాలో మొదటిసారి పెడితే, అనుకున్నదానికి ఎన్నో రెట్లు జనం వచ్చి చెట్లెక్కి చూశారట. తర్వాత కుక్కల పందేలు పెట్టే మైదానాల్లో కరెంటు దీపాల కింద ఆడారట. కోడిగుడ్డు ఆకారపు దారి, దాని మీద బొగ్గు కాలగా మిగిలే చిట్టెం. నలుగురు మనుషులు, నాలుగు చుట్లు. తలకు ఎర్రది, నీలిది, తెల్లది, పసుపుది అని తొడుగులు, ఎవరెవరో తెలియడానికి. ఎప్పుడూ ఎడమకే తిరగడం. మూలమలుపులో వెనక చక్రం పక్కకు జారాలి. ఎడమ బూటు కింద ఇనుప అట్ట కట్టుకుని, ఆ కాలు నేల మీద రాస్తూ మలుపు తిప్పాలి.

"మన దొర చిన్నప్పుడు గట్ల నడిపినోడే. ఇక్కడికొచ్చినంక మహబూబ్‌నగర్ టేషన్ల రైలింజన్ల చిట్టెం లారీల తెప్పించి, అగో గా చేనంచున దారి ఏసిండు. ఆయన నాలుగు చుట్లు, నేను నాలుగు చుట్లు. ఒక్కటే బండి గదా."

"ఆడోళ్లు గూడ నడిపిండ్రట అన్నా," అంది మరియమ్మ లోపలి నుంచి. "ఒకామె పడ్డదని అందరిని బంద్ జేసిండ్రట. మొగోళ్లు ఎంతమంది పడ్డా ఎవలూ బంద్ జెయ్యలే."

"ఆముదమెందుకు?" అన్నాను.

"ఇంజను మండిపోతుంటే ఏ నూనె అయినా పల్చబడతది. ఆముదం పల్చబడదు. అక్కడి మైదానాలన్ని గదే వాసనట బావా. ఇక్కడి వాసన పీల్చి దొర కండ్లు మూసుకునేటోడు."

అయితే జరిగింది ఇది. దొర పోతూ, బండిని మంచిగా చూసుకో, తుప్పు పట్టనీయకు అన్నాడట. మనకు దేన్ని కాపాడాలన్నా ఆముదమే. చెప్పులకు, ఇరుసుకు, పసిపిల్ల మాడుకు. దావీదు కూడా నెలనెలా ఇంజను నిండా నా ఆముదం పోసి మూత బిగించాడు. నడపకుండా ఏళ్ళ తరబడి పోసింది పోసినట్టే నిలవ ఉండి, లోపల బంకలా గట్టిపడింది. తుప్పు చుక్క కూడా లేదు. కానీ చక్రం తిరగదు. రెండేళ్ళ నుంచి గ్యాసునూనె, అంటే కిరోసిను, పోసి చూస్తున్నాడు. కదల్లేదు. ఇంకా ఆముదం ఏ మొహంతో అడగాలని మా వైపు రాలేదట. బంక కట్టిన ఆ ఆముదం నేనిచ్చిందే.

"తెల్లారితే దివాణం గుమాస్తా వస్తడు," అన్నాడు దావీదు. "షెడ్డుల వడ్లు పోస్తరట. నడిచే బండి అయితే ఉండనీ, నడవంది పాత ఇనుమోనికి ఇచ్చేయమని హుకుం. ఇనుపోని ఎడ్లబండి గూడ ఎంబడే వస్తదట. యుద్ధంల అక్కడ మైదానాలు మూసిండ్రని విన్న. గా బండ్లన్ని కరిగించిండ్రో ఏమో. ఇది గూడ పోతే, గిట్లాంటిది ఒకటుండె అని ఎవలకు సూపెట్టాలె?"

నేను ఒక్క మాట అన్నాను. మా ఇంట్లో ఆముదం బంక పట్టిన గిన్నెలు గ్యాసునూనెకు వదలవు, సారాకు వదులుతాయని. దావీదు తలూపాడు. దొర కూడా స్పిరిటుతోనే కడిగేవాడట, స్పిరిటు యుద్ధం నుంచి దొరకడం లేదు. సారా సంగతి అతనికి తోచకపోలేదు. కానీ బాప్తిస్మం తీసుకున్ననాడు గుడిలో నిలబడి సారా ముట్టనని ఒట్టేసినవాడు.

"నేను దుకాణం మెట్టెక్కితే, ఆదివారం పార్థనల నా ముచ్చటనే వినవడతది."

"ఇంజనుకని చెప్పరాదు?" అన్నాను.

"ఎవలు నమ్ముతరు బావా? ఒకప్పుడు నేను తాగినోన్నే."

"నేను పోతా అంటే నన్ను గూడ పోనియ్యలే," అంది మరియమ్మ. "నేను పోతే ముచ్చట ఇంకా మంచిగుంటదట."

అలా నేను బయలుదేరాను. జీవితంలో ఎప్పుడూ సారా దుకాణం ముందు నిలబడలేదు. దగ్గర్లోని ఊరి చివర తడిక పందిరి. తాగేవాళ్ళు తాగుతున్నారు. వెనుదిరిగి పోదామనుకున్నాను గాని, దుకాణం అతను అప్పటికే చూశాడు.

"రా తాతా. ఎంత?"

"రెండు సీసాలు. గట్టిది."

"మొదటి ఊట ఉంది. నీళ్లు కలుపుకోని తాగు, పాణం మీదికి తెచ్చుకోకు."

"తాగను. ఇంజనుల పోయాలె."

అతను తన పొట్ట తట్టుకున్నాడు. "అందరు ఇంజనుల పోసెటందుకే కొంటరు తాతా."

అక్కడున్నవాళ్ళు ఒకటే నవ్వు. ఒకాయన తన పక్కన జాగా చూపించి కూర్చోమన్నాడు. సీసాలు తువ్వాలులో చుట్టుకుని వచ్చేశాను. ఆ రాత్రే ఇంజనులో పోసి మూత పెట్టాము. మరియమ్మ జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. వాళ్ళింట్లో తిన్నానని మా ఊళ్ళో తెలిస్తే ఏమంటారో తెలుసు. తిన్నాను. బాగుంది.

పొద్దున బండిని ఎండలోకి నెట్టి, మిగిలిన సారా కూడా పోశాము. వెనక చక్రం పట్టి ముందుకూ వెనక్కూ ఊపితే రాయిలా ఉంది. ఎండ ఎక్కేసరికి దివాణం మోటారులో గుమాస్తా వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు. వెనకే ఇనుము వ్యాపారి ఎడ్లబండి. గుమాస్తా కోపిష్టి కాడు. మాకేసి చూసి, మా చుట్టూ ఉన్న వాసన చూసి, "ఏం దావీదూ, పొద్దుగాలనే?" అన్నాడు.

"నేను గాదయ్యా. బండి."

మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమాస్తా కూడా నవ్వాపుకొని, "ఎడ్లకు నీళ్లు తాపేదాక ఆగుత. ఆ తర్వాత నా చేతుల లేదు" అన్నాడు. ఎడ్లను బావి దగ్గరికి తోలుకుపోయారు. దావీదు హ్యాండిలు పట్టాడు, నేను చక్రం పట్టాను. ఊపుతూనే ఉన్నాము. ముసలి చేతులు, మంటలు పుట్టాయి. ఉన్నట్టుండి వేలెడంత కదిలింది. మళ్ళీ ఊపాము. బెత్తెడు. కింద మర తీస్తే బెల్లం పాకం లాంటి బంక సాగుతూ కారింది. చక్రం పూర్తిగా తిరగగానే దావీదు లోపలికి పోయి బియ్యం గుమ్మిలో దాచిన పెట్టె తెచ్చాడు. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చేది అదేనట. చెమ్మ తగలకుండా ఇన్నేళ్ళు బియ్యంలో పెట్టాడు. అది బిగించి, నేను తెచ్చిన కొత్త ఆముదం పోసి, అప్పుడు తలెత్తాడు.

"అయ్యా, మీ మోటారుల నుంచి ఒక్క సీసెడు పెట్రోలు."

"నడిస్తే సూడాలని నాకు గూడ ఉంది," అని గుమాస్తానే మూత తీయించాడు. పెట్రోలు దీనికి సరిగా పడదట, దొర వేరే స్పిరిటు పోసేవాడట. అయినా అంటుకుంటుందన్నాడు దావీదు. అప్పటికి ఎడ్లు నీళ్ళు తాగి వచ్చేశాయి.

దావీదు ఎడమ కాలికి ఇనుప అట్ట కట్టుకుని ఎక్కాడు. నేనూ, ఇనుము వ్యాపారీ వెనక నుంచి నెట్టాము. మొదటిసారి దగ్గింది. రెండోసారి దగ్గి పొగ వదిలింది. మూడోసారి నెడుతుండగానే నా చేతుల్లోంచి వెళ్ళిపోయింది. చెవులు మూసుకున్నాను. గడ్డి మొలిచిన ఆ దారి మీద దావీదు మొదటి మలుపులో జాగ్రత్తగా తిరిగాడు. రెండో మలుపులో కాలు దించాడు. వెనక చక్రం పక్కకు జారి, నల్లటి చిట్టెం రెక్కలా లేచింది. యాభై దాటిన మనిషి. రెండు చుట్లు తిరిగేసరికి పెట్రోలు అయిపోయి, బండి తనంతట తానే నెమ్మదించి మా ముందుకు వచ్చి ఆగింది. మా గానుగ వాసనే, కానీ కాలిన వాసన. తియ్యగా, ఘాటుగా ఉంది.

గుమాస్తా గొడుగు మడిచాడు. "ఇంగ్లీషు పేపర్ల సదివిన. మల్లా సురువైనయట అక్కడ గీ పందాలు. వేలకు వేలు జనం పోతున్నరట."

"నిజమా అయ్యా?" అన్నాడు దావీదు. ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"బండిని ఇనుములకు ఇయ్య. కానీ షెడ్డు మాత్రం ఖాళీ చెయ్యాలె. వడ్లు రేపే వస్తున్నయి. ఏడ పెట్టుకుంటవో పెట్టుకో."

బయట పెడితే వానాకాలానికి ఉండదు. దావీదు గుడిసె వైపు చూశాడు గాని, అడగలేదు. ఉన్నది ఒక్క గది. మరియమ్మ లోపలికి పోయి నీళ్ళ కాగు దొర్లించుకుంటూ బయటకు తెచ్చింది. తర్వాత కుండలు. తర్వాత పొయ్యి రాళ్ళు.

"వంట చూరు కింద చేసుకుంట," అంది. "ఇగ తెండి. నాకు సవతిని తెచ్చినవు గదా అన్నా."

ముగ్గురం కలిసి బండిని వాళ్ళ మంచం పక్కకు చేర్చాము. హ్యాండిలు గోడకు తగిలితే, తగలకుండా మంచాన్ని ఇంకాస్త జరిపింది ఆమే.

మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. ఎక్కడి ఆస్ట్రేలియా, ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మహబూబ్‌నగర్ బొగ్గు చిట్టెం. ఒక ఆటను ఎవరు మొదలుపెట్టారో, ఎవరు గెలిచారో చెప్పేవాళ్ళు వాళ్ళ దేశంలో ఉండే ఉంటారు. ఇక్కడ మాత్రం అది ఉండాలంటే ఒకామె పొయ్యి బయటకు రావాల్సి వచ్చింది. వస్తువును దాచిపెట్టడమంటే నూనె పోసి మూత బిగించడం అనుకున్నాము మేమందరం. అప్పుడప్పుడు నడిపితేనే అది నిలుస్తుందని ఇప్పుడు తెలిసింది. ఇకనుంచి నెలకొకసారి నడిపి, నూనె తీసేసి పెడతానన్నాడు దావీదు. చూడాలనుకున్నవాళ్ళు వెళ్ళండి, అడిగితే సంతోషంగా చూపిస్తాడు. ఒక్క మాట గుర్తుంచుకోండి. బండి నడిపేటప్పుడు దారి బయట అంచున నిలబడకండి, చిట్టెమంతా బయటికే ఎగురుతుంది. లోపలి వైపు, నడిమధ్యన నిలబడండి. నా పంచె ఉతికి ఉతికి మా ఇంటామె ఇప్పటికీ తిడుతోంది.