రెండు డిగ్రీల జీర

2024 ఫిబ్రవరి 6, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. తిరుపతిలో అలిపిరి వైపు వెళ్ళే రోడ్డులో ఉన్న నా మరమ్మతు దుకాణం ముందు ఆటో ఆగింది. తెల్ల పంచె కట్టిన ఒకాయన పాత రికార్డ్ ప్లేయర్‌ను రెండు చేతులా ఎత్తుకొని దిగాడు. మెట్టు ఎక్కేటప్పుడు నేను సాయం పట్టబోతే తల అడ్డంగా ఊపాడు. ఆయన వెనుక ఇరవై రెండేళ్ళ అమ్మాయి. ఒక చేతిలో పొడుగాటి వాద్యం సంచి, మరో చేతిలో గుడ్డసంచి.

1998 నుంచి నేను యాంప్లిఫయర్లు, రికార్డ్ ప్లేయర్లు బాగుచేస్తున్నాను. ఏ యంత్రం వచ్చినా దాని మీద చేయి వేయకముందే తేదీ, సమయం, కొలతలు నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. మామూలుగా ఒక యంత్రానికి అర పేజీ సరిపోతుంది. దీనికి తొమ్మిది పేజీలు పట్టింది.

“నా పేరు మునిరత్నం. నగరి నుంచి వస్తా ఉండాము. నాదస్వరం వాయిస్తాను. ఇది నా కూతురు, కామాక్షి” అన్నాడాయన.

“యంత్రంలో లోపం ఏమిటి?”

“లోపం ఏమీ లేదు సార్. మా నాయన వాయించిన రికార్డులో ఒక జీర ఉండాది. తోడి రాగంలో పై గాంధారం పట్టుకునే కాడ గరగరమని వస్తాది. అది ఇంకొంచెం గట్టిగా ఇనపడేట్టు చేసియ్యండి. ఈ పాపకు ఆరేండ్లుగా పట్టుబడలేదు.”

“జీర పట్టుబడలేదు గానీ తిట్లు మాత్రం అన్నీ పట్టుబడినాయి సార్” అంది కామాక్షి.

“ఊరుకోమే.”

ఆయన చెప్పిన సంగతి ఇది. తండ్రి 1971లో మద్రాసులో వాయించిన చిన్న రికార్డు ఒకటే ఉంది. వీరికి తెలిసినంతవరకు మరో ప్రతి లేదు. 1977లో తండ్రి పోయేనాటికి మునిరత్నానికి పదకొండేళ్ళు. సరళీ వరుసలు దాటి కొంచెం ముందుకు వచ్చాడంతే. మిగిలిన విద్య వేరే గురువు దగ్గర నేర్చుకున్నా, ఆ జీరను మాత్రం, నాదస్వరం ఊదే చివర ఉండే పీకను పళ్ళతో నొక్కి, రికార్డు వినే సాధించాడు. 1990 నుంచి ప్రతి కచేరీలో వాయిస్తున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన తోడికి పేరు వచ్చిందే ఆ జీరతో. ఫిబ్రవరి 18న నగరిలో ఒక పెళ్ళి. కామాక్షి తానే ముందు కూర్చొని వాయించే తొలి కచేరీ అది. పెళ్ళివారు ఆ తోడినే అడిగారు. పన్నెండు రోజులు ఉంది.

ఇరవై ఆరేళ్ళలో గరగర తీసేయమని అడిగినవారే తప్ప పెంచమని అడిగినవారు లేరు. నేను వెంటనే కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

ఈ పనిలో కోణం సంగతి కొంచెం చెప్పాలి. రికార్డు గాడిలో నడిచే ముల్లును స్టైలస్ అంటారు. గాడిని చెక్కిన ఉలి ఏ వాలులో నిలిచిందో, ముల్లు కూడా ఇంచుమించు అదే వాలులో నిలవాలి. పక్క నుంచి చూసినప్పుడు రికార్డుకూ ముల్లుకూ మధ్య ఉండే ఈ కోణం పేరు స్టైలస్ రేక్ యాంగిల్. నేను తొంభై రెండు డిగ్రీల దగ్గర నిలుపుతాను. కంప్యూటర్‌కు తగిలించిన చిన్న మైక్రోస్కోప్‌తో ఫొటో తీస్తే నిగనిగలాడే రికార్డు మీద ముల్లు నీడ అద్దంలోలా కనిపిస్తుంది. ముల్లుకూ నీడకూ గీతలు గీసి కోణం లెక్కగడతాను. ముల్లును మోసే చేతిని టోన్‌ఆర్మ్ అంటారు. ఈ యంత్రంలో దాని పొడవు 230 మిల్లీమీటర్లు. అంటే ఎత్తులో నాలుగు మిల్లీమీటర్ల తేడా వస్తే కోణంలో ఒక డిగ్రీ మారుతుంది.

యంత్రం మీద నా సొంత రికార్డు పెట్టి కొలిచాను. తొంభై రెండు. మళ్ళీ కొలిచాను. తొంభై రెండే. ముందు నుంచి చూస్తే ముల్లు నిటారుగా ఉంది, మొన అరగలేదు. పాట శుభ్రంగా వినిపించింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకక నిరుత్సాహపడ్డానని ఒప్పుకోవాలి.

“సరే, ఇంట్లో ఎట్లా పెడతారో అట్లాగే మీ రికార్డు పెట్టండి” అన్నాను.

కామాక్షి గుడ్డసంచిలోంచి గుండ్రటి పట్టుమెత్త తీసింది. మెరూన్ రంగు చేనేత పట్టు, లోపల దూది, నడుమ కాజా కుట్టిన రంధ్రం. మునిరత్నం యంత్రం మీది రబ్బరు మ్యాట్ తీసి పక్కన పెట్టాడు. మెత్తను కళ్ళకద్దుకొని ఆ చోట పరిచాడు. దాని మీద రికార్డు పెడితే నడిమి ఇరుసు మొన మాత్రమే పైకి కనిపించింది.

“ఇదేమిటి?”

“మా అమ్మ కుట్టింది సార్. నాయన పోయినాక మరుసటేడు ఈ మిషను కొనింది. ఆయన ఊపిరిని రబ్బరు మీద పండబెట్టేదా అని ఈ మెత్త కుట్టింది. ఇది లేకుండా ఒక్కనాడూ పెట్టలేదు.”

మందం కొలిచే వెర్నియర్ అందుకున్నాను. మెత్త పదకొండు మిల్లీమీటర్లు, మ్యాట్ మూడు. తేడా ఎనిమిది. ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే రెండు. మైక్రోస్కోప్‌లో చూశాను: సరిగ్గా తొంభై డిగ్రీలు! అంతేకాదు, మెత్త ఒక పక్క అణగి ఉండడం వల్ల రికార్డు తిరిగే కొద్దీ ఊగుతోంది.

11:52కి మొదటిసారి మోగించాము. తోడి మెల్లగా పైకెక్కింది. గాంధారం దగ్గర గరగరమంది. మునిరత్నం కళ్ళు మూసుకొని తల పంకించాడు. అది మనిషి ఊపిరిలోంచి వచ్చిన జీర కాదనీ, స్వరం బిగ్గరగా ఎక్కిన ఆ చోట ముల్లు గాడి గోడను గీరుతున్న చప్పుడనీ నాకు అర్థమైపోయింది.

వెంటనే చెప్పలేకపోయాను. మెత్త తీయకుండానే టోన్‌ఆర్మ్ ఎత్తు పెంచితే కుదురుతుందా అని చూశాను. దాని మర ఐదు మిల్లీమీటర్లకు మించి లేవదు; లేచినా ఊగడం పోదు.

“మెత్త తీసి ఒకసారి వినాలండీ. తీస్తే ఆ జీర పోవచ్చు” అన్నాను.

“పోయేదేంది సార్? అది మా నాయనది గదా!”

“తాతదైతే యాడికీ పోదు గదా నాయనా. పెట్టి సూడు” అంది కామాక్షి.

ఆయన రికార్డు ఎత్తి పక్కన పెట్టాడు. మెత్తను తన చేతులతోనే తీసి, మడవకుండా కూతురికి అందించాడు.

రబ్బరు మ్యాట్ మళ్ళీ పరిచి రెండోసారి మోగించింది 12:20కి. అదే తోడి, అదే ఎక్కుడు. గాంధారం వచ్చింది. జీర లేదు! ఆ స్వరం నున్నగా, నిండుగా, తొందర లేకుండా మూడు ఊపులు ఊగి రిషభం మీదికి దిగింది. ఇన్నాళ్ళూ గరగర కింద కప్పబడిపోయిన ఊపులు అవి. నా నోటుపుస్తకంలో 12:20 ఎదురుగా గడి ఖాళీగా ఉంది. రాయడం మరిచిపోయిన రోజు నాకు అదొక్కటే.

“ఇదేంది అబ్బా...” అని మునిరత్నం రికార్డు మీదికి వంగాడు. “అయితే పీకను పండ్ల మధ్య నలిపి నలిపి, ముప్పై నాలుగేండ్లు నేను ముల్లు గీకుడు వాయించినానా?”

కామాక్షి ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

“జీర రాలేదని నా పీక ఇసిరి పారేసినావు, గుర్తుండాదా?”

“ఉండాదిలేమే.”

“నేను తాత పక్కే ఉండాను. నువ్వే ముల్లు పక్కకు పోయినావు.”

ఆయనకూ నవ్వు వచ్చింది, ఆ వెంటనే కళ్ళు తడిశాయి. “ఈ రికార్డు పెడితే మా అమ్మ ఏడుస్తా ఉండేది సార్. ఆ జీర ఇని ఏడుస్తా ఉండాదని అనుకుంటిమి. ఇది ఆయన వాయింపు కాదని ఆమెకు తెలిసిపోయిందో ఏమో! మేము అడగనే లేదు.”

కామాక్షి అప్పటికే సంచి విప్పి నాదస్వరం బయటికి తీసింది. పీక తడుపుకొని అక్కడే నిలబడి పట్టింది. మొదటిసారి ఊపులు రెండే వచ్చాయి. రెండోసారి మూడు వచ్చినా తొందరపడింది. పక్క టీ అంగట్లో వాళ్ళు గ్లాసులతో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మూడోసారి మునిరత్నం చేయెత్తి ఒక్కొక్క ఊపునూ గాలిలో ఆనించి చూపించాడు. ఆమె ఆ చేతి వెంటే వెళ్ళి రిషభం మీద మెత్తగా దిగింది. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు.

కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి 1:05కి మూడోసారి మోగించాను. చివర, రికార్డు నడిమికి దగ్గరగా ఉన్న గాడుల్లో, రెండు స్వరాలు కోణం సరిగా ఉన్నా చిరిగినట్టే వినిపించాయి. నలభై ఆరేళ్ళు తప్పు వాలులో నడిచిన ముల్లు అక్కడి గోడలను తినేసింది. అవి ఇక రావని చెప్పాను.

“పోనీలే సార్. ఆ రెండూ ఈ పాప వాయించుకుంటాది” అన్నాడు మునిరత్నం.

ఫిబ్రవరి 18న బస్సులో నగరి వెళ్ళాను. కామాక్షి తోడి అయిపోగానే పెళ్ళివారి తరఫు పెద్దాయన ఒకరు వచ్చి, “జీర యాడప్పా?” అని అడిగాడు. “అది నా దగ్గిర ఉండాది పెద్దాయనా. పాప దగ్గిర మా నాయన ఉండాడు” అన్నాడు మునిరత్నం.

అప్పటిదాకా నేను యంత్రాన్ని మాత్రమే కొలిచేవాణ్ణి. ఇప్పుడు ఎవరు వచ్చినా, ముందు మీ ఇంట్లో పెట్టినట్టు పెట్టండి అని చెప్పి, ఆ తరువాతే కొలిచే పరికరం తీస్తున్నాను.

లెక్క ఇది. రికార్డును మోగించింది మూడుసార్లు. పోయినవి: చివరి రెండు స్వరాలు, ఒక మనిషి ముప్పై నాలుగేళ్ళ నమ్మకం. మిగిలినవి: గాంధారం, దాని మూడు ఊపులు, రికార్డు దాచే పెట్టెలో దాని అడుగున పట్టుమెత్త, అడిగినవారి కోసం మునిరత్నం ఇప్పటికీ వాయించే జీర.